ఎక్కడ పెరిగావని ఎవరూ అడగరేం?

మా బీరువాలో చీరల మడతల కింద రెండు ఓ.సి.ఐ. కార్డులున్నాయి. కార్డులంటారు గానీ చూడ్డానికి చిన్న పాస్‌పోర్టు పుస్తకాల్లా ఉంటాయి. ఒకటి మా పెద్దమ్మాయిది, రెండోది చిన్నమ్మాయిది. ఇద్దరూ అమెరికాలో పుట్టారు. ఇద్దరూ హన్మకొండలో ఒకే బళ్లో చదివారు. కానీ పెద్దదాని కార్డు మీద 2008 అని ఉంది, చిన్నదాని కార్డు మీద 2021 ఆగస్టు అని ఉంది. ఆ తేదీల తేడా వల్ల పెద్దమ్మాయి ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ సీటుతో, ఏడాదికి 60 వేల ఫీజుతో ఎం.బి.బి.ఎస్. చదివింది. చిన్నమ్మాయికి అదే చదువు కావాలంటే ఏడాదికి ఇరవై లక్షలు దాటి కట్టాలన్నారు.

నమ్మబుద్ధి కావడం లేదు కదూ? నాకూ మొదట అలాగే అనిపించింది. ఎవరో పొరపాటు పడ్డారనుకున్నాను. పొరపాటు కాదు, రూలేనట.

మొదట్నించీ చెప్తాను. పెళ్లయి 2000లో న్యూజెర్సీ వెళ్లాను. ఆయనకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాది ఉద్యోగం చేయడానికి వీల్లేని డిపెండెంట్ వీసా. 2002లో పెద్దది, 2007 డిసెంబరులో చిన్నది అక్కడే పుట్టారు. ఆ గడ్డ మీద పుడితే చాలు, అమెరికా పౌరసత్వం వచ్చేస్తుంది. అప్పట్లో ఇటువైపు అటువైపు చుట్టాలందరూ మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను, అబద్ధం ఎందుకు చెప్పాలి?

2010 ఎండాకాలంలో మా అత్తయ్యకి పక్షవాతం వచ్చింది. చూసుకునేవాళ్లు లేరు. పెద్దదానికి అంతకు ముందే ఓ.సి.ఐ. తీసుకున్నాం. చిన్నదానికి అప్పటికింకా చేయించలేదు. ఫోను రాగానే దానికి వీసా వేయించుకుని విమానమెక్కాం. మూడు నెలలనుకున్నది మూడేళ్లయింది, తర్వాత ఇక్కడే స్థిరపడ్డాం. అత్తయ్య ఎనిమిదేళ్లు మంచంలోనే ఉంది. ఆ ఎనిమిదేళ్లూ ఆవిడకి అన్నం తినిపించడం, మందులివ్వడం, పిల్లల్ని బడికి పంపడం, ఇదే నా లోకం.

చిన్నదాని కార్డు సంగతి గుర్తు లేక కాదు. కాగితాలు పెట్టినప్పుడల్లా ఒకటే అభ్యంతరం. దాని జనన ధ్రువపత్రంలో నా పేరు మా వారి ఇంటిపేరుతో పడింది. నా పాస్‌పోర్టులో మా పుట్టింటి ఇంటిపేరుంది. ఈ ఇద్దరూ ఒకరేనని రుజువు చేసుకోవాలట! అఫిడవిట్లు, పెళ్లి రిజిస్ట్రేషను, అమెరికాకి ఉత్తరాలు... ఒకటి సర్దుకునేసరికి ఇంకొకటి. వీసా పొడిగించుకుంటూ నెట్టుకొచ్చాం. ఇంతలో కరోనా వచ్చింది. చివరికి 2021 ఆగస్టులో కార్డు చేతికొచ్చింది. హమ్మయ్య అనుకున్నాం.

కానీ అయిదు నెలల ముందే తలుపు మూసేశారని మాకు తెలియదు.

2021 మార్చి 4న కేంద్ర హోంశాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. ఓ.సి.ఐ. వాళ్లు నీట్, జె.ఇ.ఇ. లాంటి అఖిల భారత పరీక్షలు రాయొచ్చు గానీ, ఎన్నారై సీట్లకి, లేదంటే అదనంగా కల్పించిన సీట్లకి మాత్రమే అర్హులు. భారత పౌరులకు ప్రత్యేకించిన సీట్లలో వాళ్లకి చోటు లేదు. దీని మీద కొందరు పిల్లలు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 2023 ఫిబ్రవరి 3న తీర్పు వచ్చింది. నోటిఫికేషన్ చెల్లుతుంది, కానీ అది వచ్చిన తేదీకి ముందే కార్డు తీసుకున్నవారికి పాత హక్కు పోదని కోర్టు చెప్పింది. ఆ పిల్లలకి న్యాయం జరిగింది, సంతోషమే. మా పెద్దదానిలాంటి వాళ్లకి ఢోకా లేదు. మా చిన్నదానిలాంటి వాళ్లు గీతకి అవతల పడ్డారు.

రెండున్నరేళ్ల వయసులో వచ్చిన పిల్ల. ఇక్కడే అక్షరాభ్యాసం. ఇక్కడే బతుకమ్మ ఆడింది. పదో తరగతిలో తెలుగులో దానికే ఎక్కువ మార్కులు. డాలరు నోటు చేత్తో పట్టుకుని ఎరగదు. దాన్ని ఎన్నారై అంటే, ఆ మాటకి అర్థమేముంది? ప్రవాసం అంటే బయట ఉండడం కదా!

ఎన్నారై సీటు ఎందుకు పుట్టిందో చూడండి. 2005లో ఇనాందార్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో 15 శాతం మించకుండా ఎన్నారై సీట్లు ఉండొచ్చంది. అవి నిజమైన ఎన్నారైల పిల్లలకే ఇవ్వాలని, అలా వచ్చిన డబ్బు పేద విద్యార్థులకి ఉపయోగపడాలని కూడా చెప్పింది. విదేశంలో విదేశీ డబ్బు సంపాదించేవారు కాస్త ఎక్కువ కట్టనీ, ఆ డబ్బు ఇక్కడి లేనివాళ్లకి అందనీ అన్నది ఉద్దేశం. న్యాయంగానే ఉంది. కానీ జరుగుతున్నదేమిటి? పంజాబులో దూరపు బంధువులు విదేశాల్లో ఉన్నా ఎన్నారై కోటాలో చేర్చుకోవచ్చని మార్చబోతే, 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు అది మోసమేనని మందలించింది. అంటే డబ్బున్నవాళ్లు ఎక్కడో ఉన్న మేనమామ పేరు చెప్పుకుని కావాలని ఎన్నారైలు అవుతామంటారు. ఇక్కడే పుట్టి పెరిగినట్టు బతికిన పిల్లని మాత్రం వద్దన్నా ఎన్నారైని చేస్తారు!

ఇంకో విచిత్రం. అదే కార్డుతో మన ఎంసెట్ రాయొచ్చు. ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నారనుకోండి. ఇంజనీరింగుకి, ఫార్మసీకి ఓ.సి.ఐ. వారూ అర్హులే. అంటే ఫార్మసీ కాలేజీ గేటు దగ్గర మా అమ్మాయి ఈ ఊరి పిల్ల, మెడికల్ కాలేజీ గేటు దగ్గర విదేశీయురాలు.

మా కాలనీలో లెక్చరర్‌గా చేసి రిటైరైన ఒక టీచరమ్మ ఉన్నారు. నా గోడంతా విని ఆవిడ మొహమాటం లేకుండా అన్నారు: "అమ్మా, అమెరికా పాస్‌పోర్టు ఉంచుకుంటారు. ఇక్కడ సర్కారు సీటూ కావాలంటారు. ఏ పాస్‌పోర్టూ లేని కూలివాళ్ల పిల్ల సంగతేమిటి? సీట్లేమన్నా పుట్టలో చీమలా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడన్నదాంట్లో నిజం ఉంది. ప్రజల డబ్బుతో నడిచే సీటు ముందు ఈ దేశ పౌరులకి దక్కాలనడం తప్పు కాదు. మా అమ్మాయికి ఇంకో దేశం తలుపు తెరిచి ఉంది, ఆ కూలి బిడ్డకి లేదు. ఆ పాస్‌పోర్టు మేమే కోరి తీసుకున్నాం. అందుకే రిజర్వేషన్లు అడగడం లేదు, స్కాలర్‌షిప్పు అడగడం లేదు. పోటీలో నిలబడి తెచ్చుకున్న ర్యాంకుని, ఇక్కడ చదివిన పద్నాలుగేళ్లని ఒకసారి చూడమంటున్నాను. అంతే.

పైగా, ఇంకో దేశం తలుపు తెరిచి ఉందనుకున్నాను చూశారూ, అదీ పూర్తిగా నిజం కాదు. అమెరికాలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజుకి పాస్‌పోర్టు కొలత కాదు. ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నావా అన్నది కొలత. సాధారణంగా ఏడాదైనా అక్కడ కాపురం ఉండి, కాగితాలు చూపిస్తేనే తక్కువ ఫీజు. లేకపోతే బయటి రాష్ట్రం వాళ్ల ఫీజు, రెండింతలు మూడింతలు. హన్మకొండ నుంచి వెళ్లే అమెరికా పౌరురాలికి పౌరులకిచ్చే ఆర్థిక సాయానికి దరఖాస్తు చేసుకునే వీలు ఉంటుంది గానీ, ఫీజు మాత్రం పరాయి పిల్ల ఫీజే. ఇక్కడ పాస్‌పోర్టు అడ్డం, అక్కడ నివాసం అడ్డం. మరి ఇది ఏ ఊరి పిల్ల?

ఇది ఒక్క మా ఇంటి గొడవే అయితే మీ ముందు ఏకరువు పెట్టేదాన్ని కాదు. మా చెల్లెలు ఇంగ్లండులో నర్సు. 2021 జనవరిలో కుటుంబంతో వెళ్లింది. కొడుక్కి అప్పుడు పదమూడేళ్లు. అక్కడి బళ్లో చదివి, 2025 వేసవిలో పరీక్షలు పాసై, ఇంజనీరింగ్ సీటు తెచ్చుకున్నాడు. ఫీజు కాగితం చూసి చెల్లి నాకు ఫోను చేసి ఏడ్చేసింది.

ఇంగ్లండులో 2025-26కి అక్కడి పిల్లల ఫీజు గరిష్ఠంగా 9,535 పౌండ్లు. దాన్ని 'హోమ్' ఫీజంటారు. బయటి దేశాల పిల్లలకి ఆ పరిమితి లేదు. మా వాడికి దాదాపు 30 వేల పౌండ్లు వేశారు. హోమ్ ఫీజు కావాలంటే మామూలుగా రెండు షరతులు. చదువు మొదలయ్యే విద్యా సంవత్సరం తొలిరోజుకి ముందు మూడేళ్లు అక్కడ నివాసం ఉండాలి. ఆ రోజుకి శాశ్వతంగా ఉండిపోయే హక్కు కూడా చేతిలో ఉండాలి. మా వాడికి మొదటిది ఉంది. రెండోది అప్పటి నిబంధన ప్రకారం అయిదేళ్లు నిండాకే, అంటే 2026 జనవరిలో. కాలేజీ లెక్క 2025 సెప్టెంబరు 1. ఇక్కడా నెలల తేడాయే!

"అక్కా, నాలుగేళ్లుగా వాళ్ల ఆస్పత్రిలో రాత్రింబవళ్లు చేస్తున్నాను. జీతంలో పన్ను కోసుకునేటప్పుడు నేను బయటిదాన్నని గుర్తు రాలేదా?" అంది. ఏం చెప్పను? చివరికి వాణ్ని ఒక ఏడాది ఆపేశారు. తోటివాళ్లంతా కాలేజీకి వెళ్తుంటే వాడు సూపర్ మార్కెట్లో సరుకులు సర్దే పనికి వెళ్లాడు.

ఆ దేశంలోనే మరో రకం కూడా ఉంది. బ్రిటిష్ పాస్‌పోర్టు ఉండి, తల్లిదండ్రులతో పాటు హైదరాబాదులో పెరిగిన పిల్లలు చదువుకి తిరిగి వెళ్తే మూడేళ్ల నివాసం లేదని ఓవర్సీస్ ఫీజు వేస్తారు. మళ్లీ అదే కథ.

వీటి మీద పోరాడినవాళ్లు లేకపోలేదు. వాళ్లలో ఆడపిల్లలే ముందుండడం గమనించాను. 1971లో కాలిఫోర్నియాకి చెందిన క్లైన్ అనే విద్యార్థిని కనెక్టికట్ అబ్బాయిని పెళ్లాడి ఆ రాష్ట్రానికి కాపురానికి వచ్చింది. దరఖాస్తు చేసిననాటికి నీ చిరునామా కాలిఫోర్నియాలో ఉంది కాబట్టి చదువు అయ్యేదాకా నువ్వు బయటిదానివే, ఎక్కువ ఫీజు కట్టమన్నారు. అత్తిల్లు ఇక్కడ, ఓటు ఇక్కడ, అయినా బయటిదే! ఆమె కోర్టుకెక్కింది. 1973లో అమెరికా సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు ఇచ్చింది. ఫీజులో తేడా పెట్టుకోవచ్చు గానీ, నేను ఇక్కడిదాన్నేనని రుజువు చేసుకునే అవకాశం కూడా ఇవ్వకపోవడం అన్యాయమంది.

ఇంగ్లండులో టిగేరే అనే అమ్మాయి ఆరేళ్ల వయసులో జాంబియా నుంచి వచ్చింది. బడంతా అక్కడే. యూనివర్సిటీలో సీటొచ్చాక, శాశ్వత నివాస హక్కు లేదని విద్యా రుణం ఇవ్వలేదు. 2015 జులైలో ఆ దేశపు సుప్రీంకోర్టులో అయిదుగురిలో ముగ్గురు న్యాయమూర్తులు ఆ అమ్మాయి వైపు నిలిచారు. ఆ ముగ్గురిలో ఒకరు లేడీ హేల్. మరుసటి ఏడాది ప్రభుత్వం రూలు మార్చింది. చిన్నప్పట్నించి అక్కడే ఉన్న పిల్లలకి, కాగితం ఏదైనా, ఉన్న సంవత్సరాలు లెక్కగట్టి రుణం ఇచ్చే దారి తీసింది.

ఈ రెండు కేసుల్లోనూ కోర్టులు తేడాలు వద్దనలేదు. పిల్లలు ఎక్కడ పెరిగారో, ఎక్కడ బతుకుతున్నారో చూడమన్నాయి. నేననేదీ అదే.

మనకి ఇది కొత్తా? కానే కాదు. 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మనందరికీ తెలిసిందే. ఉన్నత చదువుల సీట్లలో 85 శాతం స్థానికులకి. స్థానికత అంటే ఏమిటి? ఎక్కడ పుట్టావని కాదు, నాన్నది ఏ ఊరని కాదు. ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావన్నది కొలత. మా చిన్నప్పుడు ప్రతి ఇంట్లో స్టడీ సర్టిఫికెట్ల కట్ట భద్రంగా ఉండేది అందుకే కదా. ఎంత సింపుల్‌గా ఉంది! బడి రిజిస్టరే సాక్ష్యం.

ఆ కొలతా అన్నిసార్లూ సరిగ్గా పడదు. తెలంగాణలో 2024లో వచ్చిన జీవో 33తో, పదో తరగతి దాకా ఇక్కడ చదివి ఇంటర్ కోచింగ్ కోసం విజయవాడో, కోటాయో వెళ్లిన పిల్లలు నాన్‌లోకల్ అయిపోయారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నిబంధనని సమర్థించింది. మంచి కాలేజీ అని కష్టపడి హాస్టల్లో వేసిన తల్లులు నెత్తీ నోరూ బాదుకున్నారు. చివరి నాలుగేళ్లు కాకుండా మొత్తం చదువులో ఎక్కువేళ్లు ఎక్కడ అన్నది చూస్తే ఎవరికి నష్టం?

నేను కోరేది ఒకటే. పౌరులకి మొదటి హక్కు ఉండనివ్వండి. కానీ ఒకటో తరగతి నుంచి పన్నెండు దాకా ఇక్కడే చదివిన ఓ.సి.ఐ. పిల్లలకి, కార్డు మీద తేదీ ఏదైనా, పోటీలో ర్యాంకు తెచ్చుకుంటే ఇక్కడి ఫీజుతో చదివే దారి ఉంచండి. చదువు పూర్తయ్యాక కొన్నేళ్లు ఇక్కడి ప్రభుత్వాస్పత్రిలో పని చేయాలని షరతు పెట్టండి, సంతోషంగా రాసిస్తాం. ప్రసవానికి ఏ దేశంలో ఉన్నామన్నది పిల్లలు చేసిన నిర్ణయం కాదు. అత్తగారి కోసం తిరిగి రావడం, మొగుడి ఉద్యోగం కోసం వెళ్లడం మా ఆడవాళ్ల బతుకులో మామూలు. మేము కదిలిన ప్రతిసారీ పిల్లల లెక్క మళ్లీ మొదటికొస్తే ఎలా?

ఇక విదేశాల్లో ఉన్న మన ఆడపడుచులకి, పంపబోతున్న తల్లులకి, దెబ్బ తిన్నదాన్నిగా నాలుగు మాటలు. పెళ్లి వెంటనే రిజిస్టర్ చేయించుకోండి. ఇంటిపేరు మార్చుకుంటారో, మార్చుకోరో మీ ఇష్టం, కానీ ఏ పేరైనా అన్ని కాగితాల్లో ఒకేలా ఉండేట్టు చూసుకోండి. బిడ్డ పుట్టినప్పుడు ఆస్పత్రిలో రాసుకునే పేరు దగ్గర్నించీ. విదేశంలో పుట్టిన బిడ్డని ఇంకో దేశం పాస్‌పోర్టు తీసుకోకుండా ఏడాదిలోపు మన కాన్సులేట్లో నమోదు చేయిస్తే భారత పౌరసత్వం ఉంటుంది. ఏది కావాలో మీరిద్దరూ కూర్చుని అప్పుడే తేల్చుకోండి. చుట్టాల మురిపెం చూసి కాదు. అమెరికా పౌరసత్వం వద్దనుకుంటే తర్వాత బిడ్డ తరఫున తల్లిదండ్రులు వదులుకోవడానికి ఆ దేశం ఒప్పుకోదు. పిల్లల స్టడీ సర్టిఫికెట్లు ఏ ఏడుకాయేడు తీసుకుని దాచండి. పదో తరగతిలో ఉండగానే, ఏ చదువుకి ఏ నిబంధన ఉందో కనుక్కోండి. సీటొచ్చాక కనుక్కుంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

మా చిన్నదాని సంగతి చెప్పలేదు కదూ? హైదరాబాదు పక్కన మాకు కాస్త పొలం ఉంది. అమ్మేసి ఎన్నారై సీటు తీసుకుందామన్నారు ఆయన. అదే వద్దంది. "నాన్నా, నేను ఎన్నారైని కాదు కదా, ఆ సీట్లో ఎందుకు కూర్చోవాలి?" అంది. బి.ఫార్మసీలో చేరింది. 2025 డిసెంబరుకి పద్దెనిమిది నిండాయి. కార్డు వచ్చి అయిదేళ్లయ్యాక అమెరికా పౌరసత్వం వదులుకుని భారత పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చట. ఆ కాగితాలు తెచ్చి తనే చదువుకుంటోంది. ఏం చేస్తుందో దాని ఇష్టానికే వదిలేశాను.

మొన్న సంక్రాంతికి పెద్దది ఆస్పత్రి నుంచి వచ్చింది. తెల్లకోటు కుర్చీ మీద వేసి స్నానానికి వెళ్లింది. చిన్నది ఆ కోటు తీసి మడత పెట్టి, బీరువాలో పెట్టి, మళ్లీ ముగ్గు దగ్గరికి వెళ్లిపోయింది. ఒక్క మాట అనలేదు. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తూ ఉండిపోయాను.

ఆ ముగ్గు వేసిన వాకిలి దానిది కాదని ఎవరైనా అనగలరా? మీరే చెప్పండి.